విదేశంలో టమ్మీ టక్ వికటిస్తే ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న (డాలస్ నుంచి):
అందరికీ నమస్కారం. రెండు సిజేరియన్ల తరువాత సాగిపోయిన పొట్టకు టమ్మీ టక్ (వదులైన చర్మం కోసి పొట్టను బిగించే ఆపరేషన్) చేయించుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇక్కడి సర్జన్ 14,000 డాలర్లు అడగగా, డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలోని ఒక క్లినిక్ ఆపరేషన్, హోటల్, నర్సు, కారు అన్నీ కలిపి 5,500 డాలర్లకే చేస్తామంటోంది. తిరిగి వచ్చాక ఏదైనా తేడా చేస్తే మావారి ఆఫీసు ఇన్సూరెన్సు భరిస్తుందా, అదనంగా ఎంత డబ్బు చేతిలో ఉంచుకోవాలి అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు. నేను మావారి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసాపై ఉన్నాను.

జవాబు 1:
నేను మూడేళ్ళ క్రితం అదే నగరానికి వెళ్ళాను. క్లినిక్ పేరు ఇక్కడ రాయను. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆరో రోజునే విమానం ఎక్కించారు. నాలుగో వారంలో కుట్టు పక్కన శనగగింజంత ఎర్రటి గడ్డ లేచింది. జ్వరం లేదు, చెప్పుకోదగ్గ నొప్పీ లేదు. అర్జెంట్ కేర్‌లో రాసిన కెఫలెక్సిన్ అనే మామూలు యాంటీబయాటిక్ పది రోజులు మింగినా తగ్గకపోగా, పక్కనే మరో రెండు లేచి, పసుపు నీరు కారి, రాత్రి వేసుకున్న నైటీ తెల్లవారేసరికి అట్టకట్టేది. నలుగురు ప్లాస్టిక్ సర్జన్లకు ఫోన్ చేస్తే, మరొకరు కోసిన పొట్టను తాము ముట్టుకోమని ముగ్గురు రిసెప్షనిస్టు చేతనే చెప్పించారు. నాలుగో ఆయన ఆపరేషన్ నోట్స్ అడిగారు. నా దగ్గర ఉన్నది స్పానిష్‌లో ఒకే ఒక్క కాగితం, అందులోనూ సగం బిల్లే. చివరికి అది మైకోబాక్టీరియం ఆబ్సెసస్ అని తేలింది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని ఈ క్రిమి అక్కడ ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారిలో 2013, 2014 సంవత్సరాల్లోనే బయటపడిందట. నాకు అప్పుడు తెలియదు. రెండుసార్లు మళ్ళీ కోసి శుభ్రం చేశారు. చేతి నరంలో నెలల తరబడి ఉంచే సన్నని గొట్టం (పిక్ లైను) పెట్టించుకుని అమికసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించుకుంటూ, మాత్రలు మింగుతూ ఆరు నెలలు గడిపాను. పాపను ఎత్తుకోలేక గుంటూరు నుంచి అమ్మను పిలిపించాము. మిగిలిందనుకున్న డబ్బు రెండో ఆపరేషన్‌కు ముందే కరిగిపోయింది.

జవాబు 2:
నేను హ్యూస్టన్‌లో ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తాను. ప్రాణాపాయ స్థితిలో వచ్చినవారిని డబ్బు అడగకుండా చూడాలని 1986 నాటి చట్టం ఆసుపత్రులను ఆదేశిస్తుంది కాని, ఆ బిల్లు మాఫీ అవుతుందని ఎక్కడా చెప్పలేదు, తరువాతి నెలల వైద్యానికి అది వర్తించదు కూడా. కాస్మెటిక్ సర్జరీని దాదాపు అన్ని ప్లాన్లూ మినహాయిస్తాయి. కొన్ని ప్లాన్లు దాని వల్ల వచ్చే ఇబ్బందులనూ మినహాయిస్తాయి. అలా మినహాయించిన ఖర్చు, ఏడాదికి మీరు సొంతంగా కట్టాల్సిన గరిష్ఠ పరిమితి లెక్కలోకి రాదు, కాబట్టి ఎంత చేతిలో ఉంచుకోవాలన్న మీ ప్రశ్నకు పై హద్దు లేదు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు కూడా కోరి చేయించుకున్న ఆపరేషన్‌కు పనికిరాదు. డబ్బు కంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. 2009 నుంచి 2022 వరకు ఆ దేశంలో ఇటువంటి ఆపరేషన్ల తరువాత 93 మంది అమెరికా పౌరులు మరణించారని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ప్రకటించింది. వివరాలు పరిశీలించిన మరణాల్లో ఎక్కువ భాగం కొవ్వు గాని, గడ్డకట్టిన రక్తం గాని ఊపిరితిత్తులకు చేరడం వల్ల సంభవించినవే. పొట్ట ఆపరేషన్ తరువాత కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దని కూడా సీడీసీ చెబుతుంది. మీ ప్యాకేజీలో హోటల్ ఎన్ని రోజులకో చూశారా?

జవాబు 3:
మా చెల్లెలు హైదరాబాద్‌లో చేయించుకుని నెలన్నర పుట్టింట్లో ఉండి వచ్చింది. కుట్టులో నీరు చేరితే అదే సర్జన్ రెండుసార్లు సూదితో తీసేశారు. కాబట్టి దేశాన్ని బట్టి కాదు, కోసిన చేతికి ఎన్నాళ్ళు అందుబాటులో ఉండగలరో దాన్ని బట్టి ఆలోచించండి. పాస్‌పోర్టులోని హెచ్-4 వీసా స్టాంపు గడువు కూడా చూసుకోండి. గడువు తీరిన స్టాంపుతో మెక్సికో, కెనడాల నుంచి ముప్పై రోజుల లోపు తిరిగి రావడానికి ఉన్న వెసులుబాటు డొమినికన్ రిపబ్లిక్ విషయంలో మీకు వర్తించదు. అక్కడ ఆసుపత్రిలో ఉండగా గడువు తీరితే పిల్లలు ఇక్కడ, మీరు అక్కడ.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. హోటల్ ఏడు రాత్రులకే. మా ప్లాన్ పుస్తకం తెరిచి చూస్తే, మినహాయింపుల జాబితాలో కాస్మెటిక్ సర్జరీ, ఆ వెంటనే 'దాని వల్ల కలిగే ఇబ్బందులు' అని ఉంది. క్లినిక్ అడిగిన అడ్వాన్సు 500 డాలర్లు ఇంకా పంపలేదు.