ఆర్టీడీ (టెంపరేచర్ కొలిచే సెన్సర్) మార్చినా టెంపరేచర్ ఎక్కువే చూపిస్తోంది, ఎక్కడ చూడాలి?

ప్రశ్న: అన్నలూ, ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చేసి పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీలో అప్రెంటిస్‌గా ఉన్నాను. ఒక రియాక్టర్ టెంపరేచర్ అసలు కన్నా ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది, వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా అదే తేడా. కొత్త ఆర్టీడీ వేశారు, మార్పు లేదు, ఇప్పుడు ఇంకోటి తెప్పిస్తామంటున్నారు. పీటీ100, మూడు వైర్లది, ట్రాన్స్‌మిటర్ (సెన్సర్ సిగ్నల్‌ని మార్చి పంపే పరికరం) లేకుండా నేరుగా ప్యానెల్‌కే వెళ్తుంది. నన్నే చూడమన్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంకోటి ఎందుకు తమ్ముడూ, డబ్బులు దండగ. పీటీ100 అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ఆర్టీడీ: సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5, అంటే డిగ్రీకి 0.385 ఓము. నీ ఎనిమిది డిగ్రీలంటే దారిలో ఎక్కడో మూడు ఓములు అదనంగా కూర్చున్నాయన్నమాట. ప్యానెల్, మూడు వైర్లూ సమానమని నమ్మి, వైరు రెసిస్టెన్స్‌ని లెక్కలోంచి తీసేస్తుంది, ఒక్కదాని టెర్మినల్‌కి చిలుము పట్టినా లెక్క తప్పుతుంది. మన సముద్రపు గాలికి ఇది మామూలే. ముందు హెడ్ (ఆర్టీడీ పైన వైర్లు కలిపే మూత డబ్బా) దగ్గర కేబుల్ విప్పి ఆర్టీడీ రెసిస్టెన్స్ కొలిచి చూడు, లోపల 30 డిగ్రీలుంటే 111.7 దాకా రావాలి. వస్తే ఆర్టీడీ మంచిదే. తర్వాత కేబుల్ మూడు కొసలూ అక్కడే కలిపి బిగించి, ప్యానెల్ వైపు విప్పి జతలు జతలుగా కొలువు. మూడు జతలూ ఒకేలా ఉండాలి. రెండు జతల్లో ఎక్కువొస్తే ఆ రెండింటిలోనూ ఉన్న వైరే దొంగ. మధ్యలో జంక్షన్ బాక్స్ ఉంటే అది మర్చిపోకు.

ఇంకొకరు: ఇవన్నీ సరే గానీ, ముందు పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి). సాల్వెంట్ ఉన్నచోట గ్యాస్ టెస్ట్ అవకుండా హెడ్ మూత తియ్యొద్దు, మామూలు మల్టీమీటర్ పెట్టొద్దు. కంట్రోల్ రూమ్‌కి చెప్పి లూప్ (ఆ టెంపరేచర్ ఆటోమేటిక్ కంట్రోల్) మాన్యువల్‌లో పెట్టించు, ఇంటర్‌లాక్ (హద్దు దాటితే తానే ఆపేసే రక్షణ) ఉంటే అనుమతితో బైపాస్ చేయించు, లేకపోతే వైరు విప్పగానే చాలా ప్యానెళ్లలో రీడింగ్ ఫుల్‌కి పోయి అది కొడుతుంది, బ్యాచ్ పాడైతే తిట్లు నీకే.

ప్రశ్న అడిగిన వ్యక్తి: దొరికింది అన్నా! జంక్షన్ బాక్స్‌లో తెల్ల వైరు లగ్ (వైరు కొసకి నొక్కే మెటల్ ముక్క) చిలుముతో పచ్చగా అయిపోయి ఉంది. కోసి కొత్త లగ్ కొట్టాం, రీడింగ్ సరిపోయింది.

జవాబు: శభాష్. ఆ బాక్స్‌కి గ్లాండ్ (కేబుల్ లోపలికి దూరే చోట బిగించేది) పైనుంచి వచ్చుంటుంది చూడు, కిందికి మార్పించు, వాడని కన్నాలకి ప్లగ్గులు పెట్టించు. లేకపోతే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే పని.