క్యానన్ 200డి కెమెరాకి 150-600 లెన్స్ పెడితే పులికాట్ ఫ్లెమింగోలు షార్ప్‌గా వస్తాయా?

పెన్నా గట్టు:
నెల్లూరు నుంచి అడుగుతున్నానండి. నా దగ్గర క్యానన్ 200డి కెమెరా, 55-250 ఎస్‌టీఎం లెన్స్ ఉన్నాయి. నేలపట్టులో గూడబాతులు పర్వాలేదు. కానీ పులికాట్ మీదుగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద తీసిన ఫ్లెమింగోలు మరీ చిన్నగా, మెత్తగా వస్తున్నాయి. క్రాప్ చేస్తే కాళ్లు వంకర్లు పోయినట్టు కనిపిస్తున్నాయి. షట్టర్ 1/1000 సెకను, అపర్చర్ ఎఫ్ 5.6, జూమ్ 250 ఎంఎం, టైము ఉదయం 10 దాటాక. సెకండ్ హ్యాండ్‌లో సిగ్మా 150-600 కాంటెంపరరీ లెన్స్ చూస్తున్నాను. లెన్స్ ఒక్కటి మారిస్తే చాలా, బాడీ (కెమెరా) కూడా మార్చాలా? ట్రైపాడ్ తప్పదా?

కొంగలరేవు:
కాళ్లు వంకర్లు పోయాయంటే అది లెన్స్ తప్పు కాదండి, గాలి తప్పు. ఎండెక్కాక బురద, తారురోడ్డు, లోతులేని నీళ్లు ఒక్కోటి ఒక్కోలా కాగుతాయి. వాటి మీది గాలి పొరలు కదులుతూ వెలుగును అటూ ఇటూ వంచుతాయి. 600 ఎంఎం పెడితే ఆ వంకర కూడా పక్షితో పాటే పెద్దదవుతుంది.

తేల్చుకోవడం సులువు. కదలకుండా నిలబడ్డ పక్షిని వరసగా 15 ఫ్రేములు తీయండి. ఒకటి బాగుండి, పక్కది పాడై, అంచులు ఫ్రేము ఫ్రేముకీ మారుతుంటే గాలి. అన్నీ ఒకేలా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. గీతలు ఒకే దిక్కుకు సాగి ఉంటే చేతి షేక్.

ఇక సైజు లెక్క. పక్షి ఎత్తును ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఉండే 250, 600 ఎంఎం అంకె) గుణించి దూరంతో భాగిస్తే సెన్సర్ మీద పడే ఎత్తు వస్తుంది. 1.3 మీటర్ల ఫ్లెమింగో 200 మీటర్ల దూరంలో ఉంటే 250 ఎంఎంలో 1.6 మిల్లీమీటర్లు. మీ సెన్సర్ ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు, 4000 పిక్సెళ్లు. అంటే పక్షికి దక్కేది 430 పిక్సెళ్లే. 600 ఎంఎం అయితే 1040 దాకా వస్తుంది. అదే పక్షి 80 మీటర్లలో ఉంటే మీ పాత 250తోనే దాదాపు 1080! పైగా మధ్యలో కాగే గాలి సగానికంటే తక్కువ. కాబట్టి లెన్స్ కొనండి, వద్దనను. కానీ తెల్లవారగానే రోడ్డు మీద ఉండి, ఎండ ముదిరేలోపు పని ముగించండి. 10 దాటాక దూరపు గుంపు జోలికి పోకండి, దగ్గర్లో ఉన్నవాటినే తీయండి.

దగ్గర కావాలని బురదలోకి దిగొద్దు. మేస్తున్న గుంపు తలలెత్తి ఒకే వైపు నడక మొదలుపెట్టిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లారని అర్థం. అక్కడే ఆగిపోవాలి.

సత్రం రోడ్డు:
ఆ రోడ్డు గురించి నాలుగు మాటలు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా జరుగుతాడు, రోడ్డేమో తూర్పుకు సాగుతుంది. అందుకని రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద మనవైపు నుంచి వెలుగు పడుతుంది. దక్షిణాన ఉన్నవి ఎదురెండలో నల్లబడతాయి. సూళ్లూరుపేట నుంచి వెళ్తూ కారులో ఎడమ సీటులో కూర్చుంటే చాలు, ఉత్తరం మీ కిటికీ వైపే ఉంటుంది.

కారే మంచి మరుగు. మనిషి దిగితే లేచిపోయే పక్షి కారును అంతగా పట్టించుకోదు. కారును రోడ్డు అంచుకు పూర్తిగా తీసి ఆపండి, ఆ దారిలో బండ్లు వేగంగా వస్తాయి. ఇంజన్ ఆపాలి, లేకపోతే అదురు లెన్స్‌కు ఎక్కుతుంది. బానెట్ మీదుగా తీయకండి, అక్కడి వేడిగాలి కూడా ఫొటోను చెడగొడుతుంది. కారులో ట్రైపాడ్ దండగ. గట్టి గుడ్డసంచిలో కిలోన్నర శనగలు పోసి, పూర్తిగా నింపకుండా కుట్టి, దించిన కిటికీ అద్దం మీద వేయండి. లెన్స్ బరువుకి సంచి నొక్కుకుని అదే గాడి చేసుకుంటుంది.

ఏసీ కారులోంచి లెన్స్‌ను ఒక్కసారిగా బయటికి తీస్తే తేమ పట్టి ముందు అద్దం మసకబారుతుంది. చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. శ్రీహరికోట గేటు దరిదాపుల్లో కెమెరా బయటికి తీయొద్దు, డ్రోన్ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఒంగోలు లెన్స్:
బాడీ ఇప్పుడే మార్చకండి. 200డి వ్యూఫైండర్‌లో 9 ఫోకస్ పాయింట్లే, సెకనుకు 5 ఫ్రేములే. నిలబడ్డ పక్షికి ఇది చాలు, ఎగిరేదానికే ఇబ్బంది. సిగ్మా 600 దగ్గర ఎఫ్ 6.3 అవుతుంది, కాబట్టి దాంతో మధ్య పాయింట్‌నే నమ్ముకోండి.

సిగ్మా కొనేముందు ఒక పరీక్ష. కెమెరాను కదలకుండా పెట్టి 600 దగ్గర ఓ పోస్టర్‌ను వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి ఫోకస్ చేసి తీయండి. లైవ్ వ్యూ ఫొటో షార్ప్‌గా ఉండి మరోటి మెత్తగా ఉంటే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోందన్నమాట. మీ బాడీలో దాన్ని సరిచేసే మెనూ లేదు. సిగ్మా యూఎస్‌బీ డాక్ (లెన్స్‌ను కంప్యూటర్‌కు కలిపే పరికరం) ఉంటే లెన్స్‌లోనే సరిచేయొచ్చు. నాలుగు ఫోకల్ లెంగ్త్‌లు, ఒక్కోదానికి నాలుగు దూరాలు, మొత్తం 16 సర్దుబాట్లు. ఓపిక కావాలి, కానీ ఫలితం కళ్లకు కనిపిస్తుంది. 600 దగ్గర ఎఫ్ 8కి దించితే ఇంకాస్త షార్ప్ అవుతుంది. లెన్స్ ముందు 95 ఎంఎం చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, మెత్తదనానికి అదీ ఓ కారణమే.

ఎక్కువగా ఎగిరేవే తీయాలనుకుంటే క్యానన్ 400 ఎఫ్ 5.6 పాతది కూడా చూడండి. బరువు 1250 గ్రాములే, సిగ్మా 1900 గ్రాముల పైమాటే. ఫోకస్ చురుగ్గా పట్టేస్తుంది. షేక్ తగ్గించే స్టెబిలైజర్ లేదు, అందుకే తెల్లవారుజాము మసకలో కష్టం. మీ ప్రశ్నను బట్టి నా ఓటు మాత్రం సిగ్మాకే.

కొంగలరేవు:
సెట్టింగుల సంగతి చెప్పడం మరిచాం. నిలబడ్డ ఫ్లెమింగోకి సంచి ఆధారంతో 1/500 చాలు. గూడబాతు రెక్క నిదానంగా ఆడిస్తుంది, 1/1250తో ఆగుతుంది. టెర్న్ లాంటి చురుకైన చిన్న నీటిపక్షులకు 1/2500 కావాలి. ఎగిరేటప్పుడు సిగ్మా ఫోకస్ లిమిటర్‌ను (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించే స్విచ్) 10 మీటర్లు–అనంతం దగ్గర పెడితే ఫోకస్ తప్పినా మళ్లీ త్వరగా పట్టుకుంటుంది. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి గాలి ఎటు నుంచి వస్తోందో ముందే చూసుకోండి.

ముదురు నీళ్ల మీద తెల్లపక్షి ఉంటే ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. ఆకాశం మీద ఉంటే ప్లస్ 1. ఫ్లెమింగో రెక్కల గులాబీలో ముందుగా తెగేది (వెలుగు ఎక్కువై వివరాలు పోయేది) ఎరుపు ఛానల్, అందుకని మూడు రంగుల హిస్టోగ్రామ్ (వెలుగు పంపిణీ చూపే గ్రాఫ్) చూడాలి. ఫొటోలు రా (RAW) ఫార్మాట్‌లోనే తీయండి.

పెన్నా గట్టు:
చాలా థ్యాంక్సండి. సిగ్మాకి 1.4 టెలికన్వర్టర్ (జూమ్‌ను 1.4 రెట్లు పెంచే అదనపు లెన్స్) కూడా ఇస్తామంటున్నారు, తీసుకోనా? లెన్స్‌లో ఫంగస్ ఎలా చూడాలి?

ఒంగోలు లెన్స్:
కన్వర్టర్ వద్దు. ఎఫ్ 6.3 కాస్తా ఎఫ్ 9 అవుతుంది, మీ వ్యూఫైండర్ ఆటోఫోకస్ దాంతో పని చేయదు.

ఫంగస్ కోసం రెండు మూతలూ తీసి, చీకటి గదిలో వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సన్నటి చెట్టువేళ్లలాగా అల్లుకుని ఉంటే వదిలేయండి. రెండు మూడు దుమ్ము రేణువులు పర్వాలేదు. జూమ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందా చూడాలి. కొన్నాక మాత్రం మన సముద్రగాలికి బ్యాగులో వదిలేయకండి. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) వేసి తేమ 40–50 శాతం మధ్య ఉంచండి. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.