పదమేఘాలు, పదవలలు: మాటలు నేర్పుతాయా, తెరను అలంకరిస్తాయా?

పలకాబలపం
భాషా తరగతులు నడిపే మిత్రులకు ఒక ప్రశ్న. మేము పెద్దవాళ్లకు తెలుగును రెండో భాషగా నేర్పుతాం. ఇకమీదట ప్రతి పాఠాన్నీ ఒక పదచిత్రంతోనే మొదలుపెట్టాలని మా పాఠ్యప్రణాళిక చూసేవారు అంటున్నారు. పాఠంలోని మాటలన్నీ తెర మీద పదమేఘంగా కనబడాలట. ఎక్కువసార్లు వచ్చిన మాట పెద్దగా, తక్కువసార్లు వచ్చింది చిన్నగా. తరువాత ఏదైనా మాట మీద నొక్కితే పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, దగ్గరి పదాలు గీతలతో కలిసి పదవలగా విచ్చుకోవాలి. చూడముచ్చటగా ఉంది, కాదనను. విద్యార్థులు "అబ్బ!" అంటారు. వారం తిరిగాక వాళ్ల నోట ఎన్ని మాటలు మిగులుతాయన్నదే నా బెంగ. వాడుతున్నవారు, వాడి మానేసినవారు అందరూ చెప్పండి.

రంగులరాట్నం
నేను వాడుతున్నాను, మానే ఉద్దేశం కూడా లేదు. పదమేఘం నిన్న మొన్నటిది కాదు. 2008లో జొనాథన్ ఫైన్‌బర్గ్ వర్డిల్ అనే సాధనాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చినప్పటి నుంచి టీచర్లు దాన్ని ఇష్టంగా అందుకున్నారు. (ఇప్పుడు అదే పేరుతో అందరూ ఆడుతున్న ఐదక్షరాల ఆట వేరు.) ఇందులోని సుఖం ఏమిటంటే, పాఠం చదవకముందే ఊహించడానికి వీలు చిక్కుతుంది. వాన, గొడుగు, ఆలస్యం, పరుగు, క్షమించండి అనే మాటలు తెర మీద పడగానే "ఎవరు ఎవరిని క్షమాపణ అడిగారు?" అంటాను. పది మందీ పది కథలు అల్లుతారు. ఆ తరువాత పాఠం తెరిస్తే తమ ఊహ నిజమైందా లేదా అని వెతుక్కుంటూ చదువుతారు. ఊరికే "చదవండి" అంటే అలా చదవరు.

తూనికరాయి
రంగులరాట్నం గారూ, మీ తరగతి బాగా నడుస్తోందంటే నమ్ముతాను. కానీ అక్కడ పని చేసింది మీ ప్రశ్న, మేఘం కాదు. ఆ ఐదు మాటలనూ బోర్డు మీద సుద్దముక్కతో రాసి అదే ప్రశ్న వేసినా పది కథలూ వస్తాయి. మేఘం అదనంగా ఇచ్చింది ఏమిటి? అక్షరాల పరిమాణం ఒక్కటే. అది చెప్పేది ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కే. రంగుకు అర్థం లేదు. ఏ మాట ఏ మాట పక్కన పడిందన్నదానికీ అర్థం లేదు, ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ ఇరికించడమే. కన్ను మాత్రం ఊరుకోదు. ఎర్రగా ఉన్నవి రెండూ ఒక జట్టనుకుంటుంది. పైగా "క్షమించండి", "వాన" రెండూ సమానంగా వచ్చినా పొడుగు మాట ఎక్కువ చోటు ఆక్రమించి అదే ముఖ్యమైనట్టు కనబడుతుంది.

ఇంకొకటి. ఏ భాషలోనైనా అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి చిన్న చిన్న వ్యాకరణపు మాటలు. జిఫ్ అనే భాషావేత్త పేరుతో చెప్పుకునే సూత్రం దీన్నే చూపిస్తుంది: కొన్ని మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి, మిగిలినవన్నీ అరుదు. అందుకే ఈ సాధనాలు అలాంటి మాటలను ముందే ఏరిపారేస్తాయి. కానీ తెలుగు నేర్చుకునేవాడు ఏళ్లు గడిచినా తడబడేది వాటి దగ్గరే. కూడా, మాత్రం, కదా, అయినా, లేకపోతే. వాన అంటే ఏమిటో బొమ్మ చూపించి చెప్పవచ్చు. "కదా"కు బొమ్మ గీసి చూపించండి చూద్దాం.

కోడుగూడు
నేను టీచర్‌ను కాను, ఇలాంటి సాధనాల లోపలి పనులు చూసేవాణ్ణి. పలకాబలపం గారు నేర్పేది తెలుగు కాబట్టి ఒక హెచ్చరిక.

చాలా పదమేఘ సాధనాల్లో పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేల్చే సూత్రం ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. అది హల్లులనూ అచ్చులనూ అక్షరాలుగా గుర్తిస్తుంది కానీ గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును గుర్తించదు. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో వాటి వర్గం వేరు. కాబట్టి ఆ గుర్తు వచ్చిన ప్రతిచోటా మాటను తుంచేస్తుంది, ఒంటరిగా మిగిలిన అక్షరాలను పారేస్తుంది. ఫలితం చూడండి. "తలుపు" ఇస్తే "తల" మిగులుతుంది. "కలిసి" ఇస్తే "కల" వస్తుంది. "పుస్తకం" ఇస్తే "తక" అని వస్తుంది. తలుపుల గురించి రాసిన పాఠానికి తెర నిండా తలకాయలు. నేర్చుకునేవాడికి అది తప్పని తెలిసే దారే లేదు, ఎందుకంటే తల, కల కూడా నిజమైన మాటలే.

దీన్ని సరిచేయవచ్చు. తెలుగుకు కేటాయించిన యూనికోడ్ పరిధి మొత్తాన్నీ పదంలో భాగంగా లెక్కించమని చెప్తే చాలు. వత్తులు విడిపోకుండా గీసే ఏర్పాటు కూడా ఉండాలి, లేదంటే "పుస్తకం"లో సకారం ఒకచోట, తకారం ఒకచోట నిలబడతాయి. ఇవన్నీ అయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. ఇల్లు, ఇంటి, ఇంటికి, ఇంట్లో, ఇళ్లు, ఇళ్లలో... మనకు ఇదంతా ఒకటే మాట. యంత్రానికి ఆరు. పాఠమంతా ఇంటి గురించే అయినా ఆరు చిన్న ముక్కలుగా చెదిరిపోయి, నాలుగుసార్లు వచ్చిన "అప్పుడు" అన్నిటికంటే పెద్దదై కూర్చుంటుంది. విభక్తులు విడదీసి మూలపదానికి చేర్చే పని ముందు జరగాలి. అది ఇంగ్లిష్‌లో బహువచనపు గుర్తు తీసేసినంత తేలిక కాదు.

మూడోభాష
నేను నేర్చుకునే వైపున ఉన్నాను. మా తరగతిలో రంగుల పేర్లన్నీ, దిక్కుల పేర్లన్నీ, వ్యతిరేకపదాలన్నీ ఒక్కో అందమైన వలగా చూపించారు. ఆ రోజు అంతా అర్థమైనట్టే ఉండేది. ఇప్పటికీ ఆ భాషలో కుడి ఏదో ఎడమ ఏదో చేతులు చూసుకుంటే గానీ తేలదు. ఇది నా ఒక్కరి బాధేనా?

తూనికరాయి
మూడోభాష గారూ, మీ ఒక్కరిదే కాదు. దీని మీద పరిశోధనలే ఉన్నాయి. థామస్ టింకమ్ 1993లో, రాబ్ వేరింగ్ 1997లో ఈ విషయమే పరీక్షించారు. అర్థంలో దగ్గరగా ఉన్న కొత్త మాటలను ఒకేసారి నేర్పితే, పొంతన లేని మాటలను నేర్పినప్పటికంటే నెమ్మదిగా వంటబడతాయని ఇద్దరి ఫలితాలూ చూపాయి. ఒకదానికొకటి అడ్డం పడతాయి. పదజాల బోధనలో పెద్ద పేరున్న పాల్ నేషన్ కూడా 2000లో ఇదే హెచ్చరిక చేశారు. కుడి, ఎడమలను ఒకే రోజు నేర్పకూడదు. ముందు ఒకటి బాగా పాతుకోవాలి, తరువాత రెండోది.

పదవల చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం. దగ్గరి మాటలన్నిటినీ ఒకేసారి మీద కుమ్మరిస్తుంది. ఇంగ్లిష్ పదవలల్లో చాలావాటికి ఆధారం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ బృందం 1985లో మొదలుపెట్టిన వర్డ్‌నెట్. అందులో 1,17,000కు పైగా పర్యాయపద సమూహాలున్నాయి. గొప్ప కృషి, సందేహం లేదు. కానీ భాష వచ్చినవాడి తలలో మాటలు ఎలా అమరి ఉంటాయన్న ఆలోచనతో పుట్టినది అది. రానివాడికి ఏ మాట ముందు, ఏ మాట వెనుక అన్నది దాని పని కాదు.

ఇక ఆ గీతలు ఏం దాచిపెడతాయో ఒక్కసారి చూడండి. కోయు, నరుకు, చీల్చు, చింపు, కత్తిరించు, తుంచు, విరుచు. పదవలలో ఇవన్నీ ఒకే ముడి చుట్టూ చేరతాయి. అన్నీ ముక్కలు చేయడమే కదా! కానీ పువ్వులు కోస్తాం, చెట్టు నరుకుతాం, కట్టెలు చీలుస్తాం, కాగితం చింపుతాం, గుడ్డ కత్తిరిస్తాం, ఆకు తుంచుతాం, పుల్ల విరుస్తాం. వల చూసి నేర్చుకున్నవాడు నిస్సంకోచంగా "కాగితం నరికాను", "పువ్వు చింపాను" అంటాడు. తప్పు వాడిది కాదు, అన్నీ ఒకటేనని గీత గీసి మనమే చూపించాం.

ఒక వేలు
ఇంత రాద్ధాంతం కంప్యూటర్ వచ్చాకే. అంతకు ముందు టీచర్లు బోర్డు మధ్యలో ఒక మాట రాసి చుట్టూ గీతలు గీయలేదా? డొరతీ ఫ్రేయర్, ఆమె సహచరులు 1969లోనే ఒక పదాన్ని నాలుగు గళ్లలో విప్పే పద్ధతి ఇచ్చారు: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి. నాకు ఇష్టమైనది ఆ నాలుగో గడి. తూనికరాయి గారి "కాగితం నరికాను" అందులోకి వెళ్తుంది. ఏ సాధనంలోనూ ఆ నాలుగో గడి కనబడదు.

రంగులరాట్నం
తూనికరాయి గారు టింకమ్‌ను సగమే చెప్పారు. 1997లో ఆయనే మళ్లీ పరీక్షించి, ఒకే సందర్భానికి చెందిన మాటలు కలిపి నేర్పితే తేలిగ్గా వస్తాయని చూపారు. కప్ప, చెరువు, ఈదడం, ఆకుపచ్చ లాంటి కూర్పులన్నమాట. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు, ఒక దృశ్యంలోనివి. నా వాన, గొడుగు, ఆలస్యం సరిగ్గా అలాంటివే. కాబట్టి పదచిత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పర్యాయపదాల వల మొదటి రోజు చూపిస్తే హాని, ఒప్పుకుంటాను. మాటలు ఒక్కొక్కటిగా పరిచయమై కొంతకాలం గడిచాక, అదే వలను ముందు పెట్టి "వీటిలో దేన్ని కాగితంతో వాడతాం, దేన్ని వాడం?" అని అడిగితే? అప్పుడది మీ కోయు, నరుకులను విడదీయడానికే పనికొస్తుంది.

మరో రకం చిత్రం గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. మార్టిన్ వాటెన్‌బర్గ్, ఫెర్నాండా వియేగాస్ 2008లో వివరించిన పదవృక్షం. ఒక మాటను చెట్టుకు వేరు స్థానంలో పెడితే, పాఠంలో దాని తరువాత వచ్చిన మాటలన్నీ కొమ్మలుగా విడిపోతాయి. ఇది లెక్కతో ఆగదు, మాట ఎవరితో తిరుగుతుందో చూపిస్తుంది. "మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకుంటాం" అన్న అర్థంలో భాషావేత్త ఫర్త్ 1957లో రాసిన వాక్యాన్ని బొమ్మ గీస్తే ఇలాగే ఉంటుంది.

కోడుగూడు
పదవృక్షం మంచి ఎంపికే, కానీ తెలుగుకు దాన్ని ఎడమ వైపు పెరగనివ్వాలి. ఇంగ్లిష్‌లో క్రియ తరువాత కర్మ వస్తుంది కాబట్టి కుడి కొమ్మలు చూస్తే సరిపోతుంది. మనకు క్రియ వాక్యం చివర ఉంటుంది, దాని తరువాత మిగిలేది పూర్ణవిరామమే. "కోస్తారు"ను వేరు స్థానంలో పెట్టి దానికి ముందు వచ్చిన మాటలు తీస్తే పువ్వులు, గడ్డి, పైరు, గొంతు, కోతలు అని వరుసగా వస్తాయి.

ఒక వేలు
కోతలు! ఈ తరగతికి నేనూ వస్తాను.

మూడోభాష
నిజంగా నాకు కావలసింది ఇదే. "కోతలు కోస్తారు" అంటే గొప్పలు చెప్పుకుంటారని నాకు ఏ పర్యాయపదాల పట్టికా చెప్పదు. కొమ్మ మీద వింతగా కనబడితే నేనే అడుగుతాను.

తూనికరాయి
పదవృక్షం పదమేఘం కంటే నయం, సరే. అయినా నా మూల అభ్యంతరం అలాగే ఉంది. ఎంత మంచి బొమ్మైనా కళ్ల ముందు ఉన్నంతసేపు విద్యార్థి గుర్తు చేసుకోవలసిన అవసరం లేదు. గుర్తు చేసుకోవడమే నేర్చుకోవడం. 2008లో మనస్తత్వవేత్తలు కార్పికే, రోడిగర్ 40 స్వాహిలీ మాటలతో చేసిన ప్రయోగం చూడండి. ఒకసారి సరిగ్గా చెప్పిన మాటను కూడా మళ్లీ మళ్లీ అడిగిన వారికి వారం తరువాత దాదాపు 80 శాతం గుర్తుంది. ఆ మాటను అడగడం మానేసి, చదవనిస్తూ పోయినవారికి దాదాపు 36 శాతమే. 2011లో కార్పికే, బ్లంట్ మరో అడుగు వేశారు. సైన్స్ పాఠం ముందు పెట్టుకుని భావచిత్రాలు (పాఠంలోని భావాలను గీతలతో కలిపే బొమ్మలు) గీసినవారి కంటే, పాఠం మూసి గుర్తు చేసుకున్నవారు వారం తరువాత మెరుగ్గా రాశారు. చివరి పరీక్ష భావచిత్రం గీయడమే అయినా వారిదే పైచేయి.

రంగులరాట్నం
ఆ 2011 ప్రయోగంలో అసలు మెలిక మీరు చెప్పిన వాక్యంలోనే ఉంది: పాఠం *ముందు పెట్టుకుని* గీశారు. పాఠం మూసి గీస్తే? ఆ ఇద్దరే 2014లో అదీ పరీక్షించారు. మూసి గీసిన భావచిత్రం కూడా గుర్తు చేసుకునే అభ్యాసంగా చక్కగా పని చేసింది. అంటే గొడవ బొమ్మతో కాదు, తెరచి ఉంచిన పుస్తకంతో.

పలకాబలపం
అందరికీ ధన్యవాదాలు. ఇక్కడ రాసినవి మా వాళ్లకు ఇలా పెట్టబోతున్నాను. పాఠం ముందు యంత్రం గీసిన మేఘం వద్దు. ఊహించే ఆట కావాలంటే సందర్భానికి చెందిన ఐదారు మాటలను టీచరే ఎంచి బోర్డు మీద రాయాలి. పర్యాయపదాల వల, వ్యతిరేకపదాల వల, ఆ మాటలన్నీ విడివిడిగా ఒకసారి తరగతిలో వాడుకలోకి వచ్చాకే. అదీ తెర మీద చూపించడం కాదు, పుస్తకం మూసి విద్యార్థులే కాగితం మీద గీయాలి, ఒకరి గీతను ఇంకొకరు "ఇది ఎందుకు కలిపావు?" అని నిలదీయాలి. క్రియలకు మాత్రం పదవృక్షం. ఇందులో ఏదైనా తేడాగా ఉంటే ఇప్పుడే చెప్పండి, పంపేశాక కాదు.

తూనికరాయి
ఒక్క సవరణ. విద్యార్థులు గీసిన వలను గోడకు అతికించకండి. అతికిస్తే రేపు దాన్నే చూసి చెప్తారు. తీసి దాచి, వారం తరువాత మళ్లీ కొత్తగా గీయించి, పాతదాని పక్కన పెట్టండి. ఏ మాట జారిపోయిందో అప్పుడు బయటపడుతుంది. మేఘం విషయంలో రంగులరాట్నం గారితో నా తగవు తీరలేదు, అది వేరే సంగతి.

రంగులరాట్నం
తీరదు కూడా. విద్యార్థులు తాము రాసిన వ్యాసాలకు మేఘం తీసి, తాము "చాలా" అనే మాటను ఎంత విచ్చలవిడిగా వాడారో కళ్లారా చూసుకోవడం ఒక్కటి చాలు, నేను దాన్ని వదలను. అక్కడ లెక్కే కావాలి, లెక్కే దొరుకుతుంది.

కోడుగూడు
ఆ ఒక్క పనికి మేఘం సబబే. "చాలా"కు విభక్తులు అంటుకోవు కాబట్టి, గుణింతపు సూత్రం సరిచేసిన సాధనమైతే లెక్క కూడా తప్పదు. పలకాబలపం గారూ, ఎడమకు పెరిగే పదవృక్షానికి ప్రత్యేక సాధనం దొరక్కపోయినా బెంగపడకండి. పాఠంలోంచి ఆ క్రియ ఉన్న వాక్యాలన్నీ ఏరి, క్రియలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా కుడి వైపుకు సర్ది, వాటికి ముందున్న మాటను బట్టి అకారాది క్రమంలో పెడితే పని జరిగిపోతుంది. మామూలు పట్టికలోనే చేయవచ్చు. మీ మొదటి పాఠంలోని క్రియలు ఏవో ఇక్కడ రాస్తే ఒక నమూనా చేసి పెడతాను.

పలకాబలపం
పెట్టు, పట్టు, పడు, కొట్టు. ఈ నాలుగూ ముందు కావాలి.

కోడుగూడు
అంటే సగం భాష అడిగారన్నమాట. సరే, "పడు"తో మొదలుపెడతాను.