95 శాతం స్లాబ్‌లో రాయితీ ఇచ్చారు, మూడేళ్ల తర్వాత పొరపాటంటూ లక్షన్నర కట్టమంటున్నారు

తెనాలి అమ్మాయి:
అన్నయ్యలూ, అక్కలూ, సోమవారం నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించట్లేదు. తెలిసినవాళ్లు కాస్త దారి చెప్పండి.

నేను ఒక డీమ్డ్ యూనివర్సిటీలో ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నా. ఇంటర్ ఎంపీసీలో 1000కి 948 వచ్చాయి. 2023లో అడ్మిషన్‌కి వెళ్తే కౌంటర్‌లో సారు నా మెమో చూసి, కాలిక్యులేటర్ నొక్కి, "94.8 అంటే 95 కిందే లెక్కమ్మా" అన్నారు. 95 వస్తే ఫీజులో సగం రాయితీ, 90 దాటితే పావు వంతు. సగం రాయితీ అని ముద్ర వేసి లెటర్ ఇచ్చారు. ఫీజు ఏడాదికి 2 లక్షలు, మూడేళ్లూ లక్ష చొప్పున కట్టాం. సీజీపీఏ 8 తగ్గకూడదన్నది షరతు. ఒక్కసారి కూడా తగ్గలేదు.

సోమవారం అకౌంట్స్ సెక్షన్‌కి పిలిచారు. ఆడిట్‌లో నాకు రావాల్సింది పావు వంతేనని తేలిందట. ఏడాదికి 50 వేల చొప్పున లక్షా 50 వేలు బకాయి, పది రోజుల్లో కట్టకపోతే ఆరో సెమిస్టర్ హాల్ టికెట్ ఆపుతామన్నారు. అదంతా నోటిమాటే, కాగితం ఏమీ చేతికివ్వలేదు. పైగా "బకాయి ఉన్నట్టు అంగీకరిస్తున్నాను, వాయిదాల్లో చెల్లిస్తాను" అని టైప్ చేసిన కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. నాన్నను అడిగి పెడతానని వచ్చేశా.

నాన్నకు టైలరింగ్ షాపు. చీటీ పాడేసి కట్టేద్దాం, పరీక్ష ఆగకూడదు అంటున్నారు. ఆ చీటీ అక్క పెళ్లికని వేస్తున్నది. నేను మెమోలో ఒక్క అంకె మార్చలేదు. లెక్క వేసింది వాళ్లే. అయినా మేమే కట్టాలా?

పాత అకౌంటెంట్:
ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకు తల్లీ. నేను 14 ఏళ్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీ అకౌంట్స్‌లో పనిచేశాను. ఆడిటర్ అభ్యంతరం రాస్తే ఆఫీసులో ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. విద్యార్థి ఒప్పుకున్నట్టు సంతకం ఫైల్లో పడిందంటే లెక్క తప్పు వేసినవాళ్లని ఇక ఎవరూ అడగరు. ఈ తొందర అందుకే.

కౌంటర్‌లో ఉన్నవాళ్లతో వాదించి లాభం లేదు, వాళ్లకి మాఫీ చేసే అధికారం ఉండదు. కాలేజీ మెయిల్ ఐడీ నుంచి రిజిస్ట్రార్‌కీ, ఫైనాన్స్ ఆఫీసర్‌కీ కలిపి రాయి. ఏ ఏడాదికి ఎంత, ఏ నిబంధన ప్రకారం, ఆడిట్‌లో అసలేం రాశారో కాగితం మీద ఇవ్వమని అడుగు. మెమో, లెటర్, మూడేళ్ల రసీదులు జత చెయ్యి. ఇంకొకటి, ఆ లెటర్ కింద రాయితీ రద్దు గురించి చిన్న అక్షరాల్లో ఏమైనా ఉందా? మొత్తం చదివి చెప్పు.

తెనాలి అమ్మాయి:
ఉందండీ. "విద్యార్థి ఇచ్చిన వివరాలు తప్పని తేలితే రాయితీ రద్దవుతుంది" అని ఉంది. నేనిచ్చిన వివరాలు తప్పు కాదు కదండీ, లెక్క కదా తప్పు.

గుంటూరు లాయర్:
మీ వాదనంతా ఆ తేడా మీదే నిలబడుతుందమ్మా.

అయితే ఎదుటివాళ్ల వాదన కూడా తెలిసి ఉండాలి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72 ప్రకారం పొరపాటున చెల్లించిన డబ్బు అందుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాలి. వాళ్లు దీన్నే పట్టుకుంటారు. "తప్పు మాది కాదు" అన్నంత మాత్రాన దానికి జవాబు కాదు. ఇక్కడ మీ చేతికి డబ్బేమీ రాలేదు, ఫీజు తగ్గించారు. ఆ మాట నమ్మి మీరు చేరారు. నమ్మించి చేర్చుకుని, ఎదుటివాళ్లు వేరే దారి వదులుకున్నాక మాట వెనక్కి తీసుకోకూడదన్న సూత్రం ఒకటుంది, ప్రామిసరీ ఎస్టాపెల్ అంటారు. గెలుపు ఖాయమని చెప్పను, కానీ గట్టి వాదన. అందుకే అడుగుతున్నా, ఆ ఏడాది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మీకు సీటు వచ్చిందా?

యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీది డీమ్డ్ కాబట్టి అక్కడా వర్తిస్తాయి. ఫిర్యాదు అందాక వీలైనంతవరకు 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే కమిటీ నిర్ణయం మీద విద్యార్థుల అప్పీళ్లు వినేవారికి, అప్పీలు చేసుకోవచ్చు. తేలేవరకు హాల్ టికెట్ ఆపొద్దని ఆ ఫిర్యాదులోనే విడిగా ఒక పేరా రాయండి, ఇది మర్చిపోవద్దు. అప్పటికీ ఆపితే హైకోర్టు దారి ఉంది. అక్కడ కూడా మొదట అడిగేది మీరు రాసిన కాగితాలే.

మంగళగిరి అన్న:
మా తమ్ముడికీ దాదాపు ఇలాగే అయింది చెల్లెమ్మా. వేరే కాలేజీ, స్పోర్ట్స్ కోటా రాయితీ. రెండు నెలలు తిరిగాక పాత ఏళ్ల జోలికి రామన్నారు, చివరి ఏడాదికి మాత్రం సరైన స్లాబ్ వేశారు. మీకూ నాలుగో ఏడాదికి 50 వేలు ఎక్కువ పడొచ్చు. దానికి మనసులో సిద్ధంగా ఉండండి, జరిగిపోయిన మూడేళ్ల మీద మాత్రం గట్టిగా నిలబడండి. నాన్నగారిని చీటీ అప్పుడే పాడొద్దనండి. ఒకసారి కట్టేస్తే వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారాలు. లాయర్ గారూ, సీటు వచ్చింది. గుంటూరు దగ్గర కాలేజీలో సివిల్, కన్వీనర్ కోటా. మాకు తెల్ల కార్డు ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది. సగం రాయితీ లెటర్ చూసుకునే నాన్న దాన్ని వదిలేద్దామన్నారు. అలాట్‌మెంట్ ఆర్డర్ కోసం రాత్రి బీరువా అంతా వెతికాం. రేషన్ కార్డు కవర్లో, షాపు అద్దె రసీదుల మధ్య దొరికింది. మడతల దగ్గర చిరిగింది గానీ అంకెలన్నీ కనిపిస్తున్నాయి. దాని వెనక నాన్న పెన్సిల్‌తో వేసుకున్న లెక్క కూడా ఉంది, "1,00,000 x 4".

పొద్దున్నే మెయిల్ పంపా. మధ్యాహ్నం కమిటీకి ఫిర్యాదు ఇచ్చి, నా కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకున్నా. గురువారం రమ్మన్నారు. షాపు మూసి నాన్న కూడా వస్తున్నారు.