నెట్‌వర్కింగ్ పని ఎక్కువుంటే ఏ లిస్ప్ తీసుకోవాలి?

ప్రశ్న:
లిస్ప్ (ఒక ప్రోగ్రామింగ్ భాషల కుటుంబం)లో చిన్న చాట్ సర్వర్ రాద్దామని కూర్చున్నానండి, తీరా చూస్తే అందులో ఒక రకమైన కామన్ లిస్ప్ స్టాండర్డ్‌లో సాకెట్ల (నెట్‌వర్క్ కనెక్షన్ల) ఊసే లేదు. టీసీపీ (మామూలు నెట్‌వర్క్ కనెక్షన్), టీఎల్ఎస్ (దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసేది) రెండూ కావాలి, ఒకేసారి చాలా కనెక్షన్లు తట్టుకోవాలి. ఎస్‌బీసీఎల్ (కామన్ లిస్ప్ కంపైలర్), వేరే లిస్ప్ రకాలైన రాకెట్, క్లోజర్‌లలో ఏది పట్టుకోమంటారు?

జవాబు 1:
ఆ స్టాండర్డ్ 1994 నాటిది కదా, సాకెట్లు, థ్రెడ్లు (ఒకేసారి పలు పనులు నడిపేవి) రెండూ దాంట్లో లేవు, అందుకే ఏ ఇంప్లిమెంటేషన్‌కి (భాషను నడిపే సాఫ్ట్‌వేర్‌కి) ఆ పద్ధతి. ఎస్‌బీసీఎల్‌తో సొంత సాకెట్ లైబ్రరీ వస్తుంది కానీ నేరుగా దాని మీద రాయకండి, రేపు సీసీఎల్, ఈసీఎల్ లాంటి వేరే ఇంప్లిమెంటేషన్‌కి మారాలంటే మళ్ళీ మొదట్నుంచి రాసుకోవాలి. క్విక్‌లిస్ప్‌లో (కామన్ లిస్ప్ లైబ్రరీలు దించుకునే టూల్) యూసాకెట్ అనే లైబ్రరీ ఉంది, అది వాడితే ఎక్కడైనా నడుస్తుంది. టీఎల్ఎస్‌కి సీఎల్ ప్లస్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీ, కాకపోతే దానికి ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) మెషీన్‌లో ఉండాలి, ఇది తెలీక నాకు ఒక సాయంత్రమంతా పోయింది.

జవాబు 2:
నేనైతే రాకెట్ అంటా. టీసీపీ, ఎస్ఎస్ఎల్ (టీఎల్ఎస్‌కి పాత పేరు), వెబ్ సర్వర్ అన్నీ దాంతోనే వస్తాయి, డాక్యుమెంటేషన్ కూడా చాలా బాగుంటుంది. మామూలు థ్రెడ్లు తేలికైనవి కాబట్టి కనెక్షన్‌కి ఒకటి పెట్టుకోవచ్చు, కాకపోతే అవన్నీ ఒకే కోర్ మీద నడుస్తాయి. చాట్‌లో ఎక్కువ టైం మెసేజ్ కోసం ఎదురుచూడటమే కాబట్టి పర్లేదు.

జవాబు 3:
లోడ్ బాగా పెరుగుతుందనుకుంటే క్లోజర్ చూడండి, అది జావా మీద నడుస్తుంది కాబట్టి నెట్టీ (నెట్‌వర్కింగ్ లైబ్రరీ) లాంటి జావా లైబ్రరీలన్నీ వాడుకోవచ్చు, జావా 21 నుంచి తేలికైన వర్చువల్ థ్రెడ్లు కూడా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సండి, ముందు రాకెట్‌తో మొదలుపెడతా.