క్లబ్ ఐస్ హాకీని వర్సిటీ జట్టు (యూనివర్సిటీ అధికారిక జట్టు) చేయాలంటున్నారు – ఫీజు ఓటుకు ముందు ఏం అడగాలి?

ప్రశ్న (గ్రాడ్ సెనేట్ సభ్యుడు, అమెరికా మిడ్‌వెస్ట్)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎవరూ ముందుకు రాకపోవడంతో గ్రాడ్యుయేట్ సెనేట్‌లో మా డిపార్ట్‌మెంట్ తరఫున నా పేరు రాసేశారు. మా క్లబ్ ఐస్ హాకీ జట్టును ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్ 1, అంటే పై స్థాయి జట్టుగా మార్చాలని ప్రతిపాదన వచ్చింది. రింక్ కట్టడానికి ఒక పూర్వ విద్యార్థి భారీ విరాళం ఇస్తానన్నారట. ఏటా అయ్యే ఖర్చులో ఎంత తగ్గితే అంత స్టూడెంట్ ఫీజు పెంచి సర్దుతారట. వచ్చే నెల ఓటు.

ఆ ఆటలో నాకు ఓనమాలు కూడా తెలియవు. మాస్టర్స్ చదివే మనవాళ్లలో చాలామంది ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చుకున్నవాళ్లే. వాళ్లు ఒక్క మ్యాచ్ చూసినా చూడకపోయినా ఫీజు కట్టాల్సిందే. అలాగని గుడ్డిగా వద్దనడమూ ఇష్టం లేదు. మీటింగ్‌లో ఏం అడగాలి?

జవాబు (పెన్ స్టేట్ పూర్వ విద్యార్థి)

తమ్ముడూ, మా పెన్ స్టేట్ సంగతి చూడు. అక్కడా మొదట క్లబ్ జట్టే. 2010లో టెరీ పెగులా అనే దాత 88 మిలియన్ డాలర్లు ప్రకటించారు, తర్వాత అది 102 మిలియన్లకు పెరిగింది. 2013లో రింక్ తెరిచారు. 2025లో మగవాళ్ల జట్టు ఫ్రోజెన్ ఫోర్ (జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్స్) దాకా వెళ్లింది. విద్యార్థుల స్టాండ్‌లో ఒక్కసారి నిలబడి చూస్తే నువ్వే అవునని ఓటేస్తావు.

జవాబు (కాలేజీ అథ్లెటిక్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాడిని)

పై సోదరుడు చెప్పిందంతా నిజమే. కాకపోతే అలాంటి దాత అందరికీ దొరకడు. పైగా పెన్ స్టేట్‌కు దాత ఒక్కడే కాదు, చోటు కూడా దొరికింది. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) అప్పటికి హాకీ ఆడే జట్లు ఐదే. పెన్ స్టేట్ ఆరోది కాగానే 2013–14లో బిగ్ టెన్ హాకీ లీగే మొదలైంది. మీ జట్టు ఏ కాన్ఫరెన్స్‌లో ఆడుతుందో ముందు అది అడుగు బాబూ. "మాట్లాడుతున్నాం" అంటే లేదనే లెక్క.

కాన్ఫరెన్స్ లేకపోతే ఏమవుతుందో అలబామా హంట్స్‌విల్‌ను చూస్తే తెలుస్తుంది. డివిజన్ 2లో రెండుసార్లు చాంపియన్లు, డివిజన్ 1 టోర్నమెంట్‌కూ వెళ్లారు. వాళ్ల లీగ్‌లోని ఏడు కాలేజీలు విడిపోయి వేరే లీగ్ పెట్టుకున్నాయి. కొత్త చోటు దొరక్క 2021లో హాకీ ఆపేశారు. అంతకుముందు ఏడాదే అభిమానులు చందాలేసి ఆ జట్టును బతికించుకున్నారు! అరిజోనా స్టేట్ కూడా 2024లో ఎన్‌సీహెచ్‌సీ అనే కాన్ఫరెన్స్‌లో చేరేదాకా ఒంటరిగానే తిరిగింది. కోవిడ్ సీజన్‌లో అయితే ఆడిన ప్రతి మ్యాచూ పరాయి ఊళ్లోనే. విమానం టికెట్లు, హోటళ్లు, కిట్ బ్యాగులు అన్నీ ఖర్చే కదా.

ఇక విరాళం. ఏనుగు దొరికింది సరే, మేత ఎవరిది? దాత ఇచ్చేది కట్టడానికా, నడపడానికా? రెండూ వేరు. రింక్ అంటే 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న కాంక్రీటు పలక. దాని లోపల పైపుల్లో ఉప్పునీళ్లో గ్లైకాలో అతి చల్లగా తిరుగుతుంటుంది, పైన అంగుళం మందాన మంచు నిలుస్తుంది. కంప్రెసర్లు ఆగితే మంచు ఉండదు. అందుకే మ్యాచ్ ఉన్నా లేకున్నా కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది. జాంబోని (మంచును నున్నగా చేసే బండి) నడిపేవాళ్లు, గాలిలో తేమ తీసే యంత్రాలు, ఇన్సూరెన్సు దీనికి అదనం. ఆటగాళ్ల కర్రల లెక్క చూస్తే నీకే నవ్వొస్తుంది. మంచి కాంపోజిట్ కర్ర ఒక్కోటి 300 డాలర్ల పైమాటే, గట్టి షాట్ కొడితే చటుక్కున విరిగిపోతుంది. బస్తాలకొద్దీ కొనాలి.

స్కాలర్‌షిప్పులు ఇదివరకు జట్టుకు 18 పూర్తి స్కాలర్‌షిప్పులకి సమానంగా ఉండేవి. 2025 జూన్‌లో ఖరారైన హౌస్ సెటిల్‌మెంట్‌లో (క్రీడాకారులకు చెల్లింపులపై నడిచిన కోర్టు కేసు రాజీలో) చేరిన కాలేజీల్లో ఆ పరిమితి పోయి, జట్టులో 26 మంది ఉండొచ్చన్న లెక్క వచ్చింది. కావాలంటే 26 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. అదే సెటిల్‌మెంట్ కింద క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇవ్వడానికి 2025–26లో కాలేజీకి సుమారు 20.5 మిలియన్ డాలర్ల దాకా వీలుంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్లు అందులో సింహభాగం పట్టుకుపోతారు. ఇప్పటికే లోటులో ఉన్న డిపార్ట్‌మెంట్ ఇంకో ఆట ఎత్తుకుంటానంటే నాకు అనుమానమే. మీ యూనివర్సిటీ ఆ సెటిల్‌మెంట్‌లో చేరిందో లేదో కనుక్కో.

జవాబు (ఆడపిల్ల తల్లి, మిన్నెసోటా)

అమ్మాయిల జట్టు మాట ఎవరూ ఎత్తలేదేం? మా అమ్మాయి గోల్‌కీపర్ కాబట్టి అడుగుతున్నాను. చదువులోనూ కాలేజీ ఆటల్లోనూ ఆడపిల్లలపై వివక్ష కూడదనే టైటిల్ నైన్ చట్టం 1972 నుంచీ ఉంది. అబ్బాయిలకు ఇరవై ఆరు చోట్లు పెంచి అమ్మాయిల వైపు ఏమీ చేయకపోతే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. పెన్ స్టేట్ రెండు జట్లూ ఒకే ఏడాది పెట్టింది. అరిజోనా స్టేట్ అమ్మాయిలకు లాక్రోస్, ట్రయథ్లాన్ పెట్టింది. డెలావేర్ అయితే అమ్మాయిల హాకీనే మొదలుపెట్టింది. మీకు చూపించిన బడ్జెట్‌లో అమ్మాయిల ఆట ఖర్చు ఉందా లేదా చూడండి. లేకపోతే అది సగం బడ్జెట్టే.

ప్రశ్న అడిగినవాడు

అక్కా, ఇప్పుడే చూశాను. "మహిళా క్రీడల విస్తరణ, రెండో దశలో" అని ఒక్క వాక్యం ఉంది, పక్కన అంకె లేదు. ఇంకో విషయం సార్, వాళ్లిచ్చిన కాగితాల్లో మరో కాలేజీ హాకీ జట్టుకు ఆదాయం, ఖర్చు సమానంగా ఉన్నాయి. అంటే నష్టం లేనట్టేనా?

జవాబు (కాలేజీ అథ్లెటిక్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాడిని)

హహ, అదే అసలు తిరకాసు. ఫెడరల్ విద్యాశాఖకు మీలాంటి కాలేజీలు ఏటా ఈఏడీఏ రిపోర్టు (క్రీడల జమాఖర్చుల నివేదిక) ఇవ్వాలి. అది ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, ఆటల వారీగా ఖర్చు ఉంటుంది. కానీ ఆదాయం గడిలో టికెట్ల డబ్బుతో పాటు యూనివర్సిటీ ఇచ్చిన సొమ్ము, స్టూడెంట్ ఫీజు కూడా కలిపేస్తారు. అందుకే చాలా చోట్ల రెండు వైపులా అచ్చం ఒకే అంకె కనిపిస్తుంది. ఆదాయాన్ని వదిలేసి ఖర్చు గడి మాత్రమే చూడు. మీ స్థాయి కాలేజీలు నాలుగైదు తీసుకుని, వాళ్ల హాకీ ఖర్చుతో మీవాళ్ల అంచనా పోల్చు. మీది స్టేట్ యూనివర్సిటీ కాబట్టి ఎన్‌సీఏఏకు పంపే ఆర్థిక నివేదికను పబ్లిక్ రికార్డ్స్ కింద అడగొచ్చు. అందులో ఫీజు ఎంత, టికెట్లు ఎంత అన్నది విడివిడిగా ఉంటుంది. అర్జీ ఇవాళే పెట్టు, జవాబుకు వారాలు పట్టొచ్చు.

చిన్న ప్రైవేటు కాలేజీల లెక్క మాత్రం వేరు, ఎవరైనా ఆ ఉదాహరణ తెస్తే పట్టించుకోకు. డివిజన్ 3లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పులు ఉండవు. హాకీ జట్టు పెడితే ఫీజు కట్టే పిల్లలు ఇరవై ముప్పై మంది వస్తారు, సీట్లు నిండుతాయి. మీకు ఆ అవసరం లేదు.

జవాబు (పెన్ స్టేట్ పూర్వ విద్యార్థి)

మరీ భయపెట్టేస్తున్నారు సార్. అలాస్కా ఏంకరేజ్, రాబర్ట్ మోరిస్ జట్లను తీసేసి కూడా మళ్లీ తెచ్చారు కదా.

జవాబు (కాలేజీ అథ్లెటిక్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాడిని)

తెచ్చారు, ఊరంతా చందాలేస్తే. ఏంకరేజ్‌లో అభిమానులు 3 మిలియన్ డాలర్లు పోగేశారు. అక్కడ హాకీ అంటే ప్రాణం. వీళ్ల ఊళ్లో ఆ పిచ్చి ఉందా అన్నదీ అడగాల్సిన ప్రశ్నే. క్లబ్ మ్యాచ్‌లకు ఎంతమంది వస్తున్నారో చూడు తమ్ముడూ. ఇల్లినాయ్ యూనివర్సిటీకి పాత రింకూ, పేరున్న క్లబ్బూ ఉన్నాయి. ఎన్‌హెచ్‌ఎల్ (ప్రొఫెషనల్ హాకీ లీగ్) సాయంతో అధ్యయనం కూడా చేయించుకుంది, ఏళ్ల తరబడి ఆలోచించి చివరికి పక్కన పెట్టేసింది. క్లబ్ మాత్రం ఏసీహెచ్‌ఏలో (కాలేజీ క్లబ్ జట్ల సంఘంలో) చక్కగా ఆడుకుంటోంది.

నన్నడిగితే, నడిపే ఖర్చుకు కూడా దాత శాశ్వత నిధి పెడితే, కాన్ఫరెన్స్ నుంచి రాతపూర్వకంగా ఆహ్వానం ఉంటే, అమ్మాయిల జట్టు మొదటి రోజు నుంచే ఉంటే అవునను. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా వద్దని ఓటెయ్. ఫీజు పెంపుకు గడువు పెట్టమని సవరణ కూడా ప్రతిపాదించు. జట్టు మూతపడ్డాక కూడా ఫీజు మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవాడు

రికార్డ్స్ అర్జీ ఇప్పుడే పంపాను సార్. సవరణకు సెనేట్‌లో ఇంకొకరు సంతకం చేయాలట, మా ల్యాబ్‌లో ఒక కెనడా అమ్మాయి ఉంది, తననే అడుగుతాను.

జవాబు (ఆడపిల్ల తల్లి, మిన్నెసోటా)

కెనడా అమ్మాయైతే మీకంటే ముందే చదివేసి ఉంటుంది. ఆ "రెండో దశ" వాక్యం చూపించండి చాలు.