'సంప్రదించి' అంటే అడిగి చేయడమా, ఒప్పించి చేయడమా?

మన భాష గ్రూపు పెద్దలకు నమస్కారం. మొన్న పేపర్లో 'భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి రాష్ట్రపతి సుప్రీంకోర్టు జడ్జీలను నియమిస్తారు' అని ఉంటే మా అమ్మకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే, "సంప్రదిస్తారు సరే, ఆయన వద్దంటేనో?" అంది. నాకు జవాబు తోచలేదు.

మా కావలి వైపు 'మామను ఒక మాట అడిగి చేద్దాం' అంటాం. చెల్లెలి పెళ్లికి ముహూర్తం పెట్టించుకొచ్చి, తాంబూలం పళ్ళెం మామ ముందు పెట్టి అడిగాం. ఆయన వక్క నోట్లో వేసుకోకుండా పళ్ళెం అంచు మీద వేలితో టకటకా కొడుతూ కూర్చున్నాడు. వద్దని ఒక్క మాట అనలేదు, అయినా ముహూర్తం మార్చాం. ఇంతకీ మేము ఆయన్ను సంప్రదించినట్టా, ఆయన సమ్మతి తీసుకున్నట్టా?

నవ్వకండి, సుప్రీంకోర్టులో తగువంతా దీని మీదే. రాజ్యాంగం 124వ అధికరణంలో ఉన్న మాట 'కన్సల్టేషన్'. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో, కన్సల్టేషన్ అంటే ఒప్పుకోలు కాదు, చివరి మాట ప్రభుత్వానిదే అన్నారు. 1993లో తొమ్మిది మంది జడ్జీల బెంచి అదే మాటను తిరగేసి, ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానిదే పైచేయి అంది. 1998లో ఆ అభిప్రాయం ఆయనొక్కడిది కాదు, ఆయనా ఆయన తర్వాతి నలుగురు సీనియర్ జడ్జీలూ కలిసి చెప్పేది అని తేల్చారు. కొలీజియం అంటే ఇదే, ఆ పేరు మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 2014లో పార్లమెంటు 99వ సవరణతో దీని బదులు కమిషన్ పెట్టబోతే, 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు బెంచిలోని ఐదుగురు జడ్జీల్లో నలుగురు దాన్ని కొట్టేశారు. కొట్టేయడం కుదరదన్న ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్.

మరి తెలుగులో 'సంప్రదించి' అని రాయడం ఇంకా సరైనదేనా? 'సమ్మతితో' అనాలా?

ఒంగోలు నుంచి జవాబు:
తమ్ముడూ, సంప్రదించి అనే రాయాలి. 1949 మే 24న రాజ్యాంగ సభలో, ప్రధాన న్యాయమూర్తి సమ్మతి ఉండాలన్న సూచనకు అంబేద్కర్ గారు ఒప్పుకోలేదు. ఆయనా మనిషే గదా, మనకున్న లోపాలు ఆయనకూ ఉంటాయి అన్న అర్థంలో చెప్పారు. అంటే రాసినవాళ్ళకు రెండు మాటల తేడా తెలిసే ఒకటి ఎంచుకున్నారు. తర్వాత కోర్టు దానికి ఎంత బరువు ఎక్కించినా, తెలుగు చేసేవాడు మూలంలో ఉన్న మాటే తేవాలి గానీ తీర్పును లోపలికి చొప్పించకూడదు. ఇక మీ మామ దగ్గర జరిగింది సంప్రదింపూ కాదు, సమ్మతీ కాదు, మొహమాటం. దానికి ఇంగ్లిషులో మాటే లేదు.

నెల్లూరు నుంచి, కోర్టులో పనిచేసే ఒకరి జవాబు:
అన్నా, ఢిల్లీ దాకా ఎందుకు, మా జిల్లా పీపీ, అంటే ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్, పోస్టులోనూ ఇదే మాట. కలెక్టరు సెషన్స్ జడ్జిని సంప్రదించి ప్యానెల్, అంటే పేర్ల జాబితా, తయారుచేయాలి, అందులో పేరు లేనివాళ్ళను ప్రభుత్వం వేయకూడదు, కనీసం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 24వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 18. రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద లాయరైన అడ్వకేట్ జనరల్ (ఏజీ)కు మాత్రం ఈ సంప్రదింపు గొడవే లేదు. రాజ్యాంగం 165వ అధికరణం కింద గవర్నరు వేస్తారు, ఇష్టం ఉన్నన్నాళ్ళు ఉంచుతారు, అందుకే గవర్నమెంటు మారితే ముందు ఏజీ ఆఫీసు వైపు చూస్తాం. ఢిల్లీలో కేంద్రం తరఫు పెద్ద లాయరు అటార్నీ జనరల్‌దీ, 76వ అధికరణం కింద, అదే తీరు, అక్కడ వేసేది రాష్ట్రపతి.

భాష గ్రూపు కాబట్టి ఇంకోటి. మా దగ్గర 'వెళ్ళడం' అనే మాట లేదు, అన్నిటికీ 'పోవడమే'. ప్యానెల్ ప్రభుత్వానికి కదిలిన రోజు బార్ రూములో "సార్, మీ పేరు పోయిందంట గదా!" అని సంతోషంగా అరుస్తాం. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ ఒకాయన అది విని, టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "అయ్యో, ఏం జరిగింది సార్?" అన్నాడు.

మొదటి పోస్టు రాసినవారు:
ఒంగోలు మాస్టారి జవాబు అమ్మకు చదివాను. "ఆయనెవరో బాగా చెప్పాడు గానీ, ఆ మొహమాటం సంగతి మీ మామకు చెప్పబాక" అంది.